రేకు పళ్ళెంలో గోదావరి డెల్టా

మా కాలేజీలో చదువుకున్న పిల్లలు ఈమధ్య ఒక సంచిక వేస్తూ, ఫిజిక్స్ ల్యాబులో పనిచేసిన రోజుల గురించి ఏదైనా రాసిమ్మని నన్ను అడిగారు. "మంచి జ్ఞాపకాలు రాయండి మేడం" అన్నారు. ల్యాబు అసిస్టెంటుని మేడం అని పిలిచే కాలం చూసినందుకు ముందు భగవంతుడికి దణ్ణం పెట్టుకున్నాను. మంచి జ్ఞాపకాలు నాకు బోలెడున్నాయి. కానీ కలం పట్టుకున్న ప్రతిసారీ ఇదొక్కటే ముందుకొచ్చి కూర్చుంటోంది. దీన్ని దించుకుంటే గాని మిగతావి రావు. ఇందులో ఎవరి పేరూ రాయను. కొందరు పోయారు. కొందరు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడుగుతారు.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మాది గోదావరి మధ్య లంక గ్రామం. ఆడపిల్లని రోజూ పడవెక్కించి రేవు దాటించడానికి మనసొప్పక, మా నాన్నగారు వీధి అరుగు మీద కూర్చోబెట్టి తానే చదువు చెప్పారు. తెలుగు, లెక్కలు, కాస్త ఇంగ్లీషు. వీటితోపాటు, సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు మనకి మేలు చేసినవాళ్ళందరినీ ఒక్కసారి తలుచుకోవడం కూడా నేర్పారు. ఎస్సెల్సీ ప్రైవేటుగా రాయించారు. ఆయన పోయాక, ఆయన మీది గౌరవంతో మా కాలేజీ కరస్పాండెంట్ గారు నన్ను ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటుగా వేశారు. కాలేజీ కరస్పాండెంట్ గారి తండ్రిగారు పెట్టినది. ఆ ఉద్యోగం మీదే మా అమ్మనీ తమ్ముళ్ళనీ సాకాను. కాబట్టి ఆయన గురించి ఇక్కడ రాసేదంతా ఆయన దయతో అన్నం తిన్న చేత్తోనే రాస్తున్నానని తెలుసుకుని చదవండి.

ల్యాబుకి పెద్ద మా మాస్టారు. లోకానికి ఆయన ఫిజిక్స్ హెడ్ గారు, నాకు మాత్రం మాస్టారే. మనిషి సన్నగా, కాస్త వంగి, ఎప్పుడూ కింద పడిపోయిన స్క్రూ వెతుకుతున్నట్టు నడిచేవారు. దేవుడి మీద ఆయనకి ఎంత నమ్మకముందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. కానీ పొద్దున్నే అల్మరా మీది స్వామి పటానికి నేను అగరొత్తి వెలిగించేదాకా ఆయన ల్యాబులో ఏ స్విచ్చీ వేసేవారు కాదు. గుమ్మంలో నిలబడి, "అయిందామ్మా?" అని అడిగి లోపలికి వచ్చేవారు. నమ్మేవాళ్ళలో కూడా అంత మర్యాద నేను చూడలేదు.

ఆయన కింద ఒక లెక్చరర్ ఉండేవాడు. మాస్టారి శిష్యుడే. చురుకైనవాడు, మంచివాడు. నన్ను అక్కగారూ అనేవాడు. పెళ్ళి కాకముందు రెండేళ్ళపాటు మధ్యాహ్నం నా క్యారేజీలోనే తిన్నాడు. అతని ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ ఫైలు కరస్పాండెంట్ గారి బల్ల మీద ఎప్పటినుంచో పడుకుని ఉంది.

తొంభై ఎనిమిది మే నెలలో మన దేశం ఎడారిలో అణుపరీక్షలు చేసింది. ఊళ్ళో టపాకాయలు కాల్చారు, మిఠాయిలు పంచారు. నేనూ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఆ నెల తిరక్కుండానే పక్క దేశమూ చేసింది. ఆ రోజు ఎవరూ మిఠాయిలు పంచలేదు గానీ, పెద్దగా భయపడ్డవాళ్ళూ లేరు.

సెలవులయ్యాక కాలేజీ తెరిచారు. కరస్పాండెంట్ గారు ఒక అభినందన సభ తలపెట్టారు. మంత్రిగారిని పిలిస్తే కొత్త బిల్డింగు సంగతి కూడా కదులుతుందని ఆయన ఆలోచన. ఫిజిక్స్ హెడ్ కాబట్టి మాస్టారే ముఖ్య వక్త అన్నారు. మాస్టారు రానన్నారు.

కరస్పాండెంట్ గారు స్వయంగా ల్యాబుకి వచ్చారు. "ఏంటి మాస్టారూ, దేశమంతా ఫిజిక్స్ వాళ్ళని భుజాల మీద మోస్తుంటే మన హెడ్ గారు మొహం చాటేస్తారేంటండీ?"

"మోస్తున్నారు కాబట్టే, దింపెయ్యమని అడుగుతున్నానండి" అన్నారు మాస్టారు.

కరస్పాండెంట్ గారు నవ్వారు. ఆయన నవ్వితే ఎదుటివాళ్ళు కూడా నవ్వాలి. లెక్చరర్ నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. సభ మాస్టారు లేకుండానే జరిగింది. జువాలజీ ఆయన వచ్చి అణుశక్తి గురించి గంటసేపు మాట్లాడారు. చాలా బాగా మాట్లాడారని అందరూ అన్నారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం లెన్సులు తుడుచుకుంటూ మాస్టార్ని అడిగాను. "బాంబు తయారుచేసింది మీ ఫిజిక్స్ వాళ్ళే కదండీ. మరి మీకెందుకంత బాధ?"

"అందుకేనమ్మా" అన్నారు. తర్వాత లెక్చరర్ కూడా వింటుండగా చాలాసేపు చెప్పారు. మొదటిసారి బాంబు చేసినవాళ్ళలోనే కొందరు, అది ఏం చేస్తుందో చూశాక నిద్ర పట్టక, జీవితమంతా దాన్ని కట్టెయ్యడానికి తిరిగారట. ఎడమొహం పెడమొహంగా ఉన్న దేశాల శాస్త్రవేత్తలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని లెక్కలు సరిచూసుకున్నారట. పరీక్ష భూమి లోపల దొంగచాటుగా చేసినా దూరాన్నుంచి కనిపెట్టొచ్చని వాళ్ళు చూపించబట్టే, పరీక్షలు మానుకుందామన్న ఒప్పందాలకి నమ్మకం వచ్చిందట.

"సంతకాలు పెట్టేది నాయకులే. కానీ ఎందుకు పెట్టాలో లెక్క వేసి చెప్పాల్సింది మనం. మిగతావాళ్ళు తెలియక ఊరుకుంటారు. మనం ఊరుకుంటే అది తెలిసి ఊరుకోవడం" అన్నారు.

లెక్చరర్ కళ్ళు మెరిశాయి. అది నేను చూశాను. ఆ మెరుపు అబద్ధమని ఇప్పటికీ అనలేను.

మర్నాడు మాస్టారు నన్ను మా లంక నుంచి ఒండ్రుమట్టి తెప్పించమన్నారు. రేకుల పనివాడి చేత మంచమంత పళ్ళెం ఒకటి చేయించారు. ఆ మట్టి పళ్ళెంలో పరిచి, పైన చెక్కముక్కతో ఆనకట్ట కట్టి, పుల్లతో కాలవలు గీశాం. తూర్పు కాలవ, పడమటి కాలవ, వాటినుంచి పిల్లకాలవలు, వాటినుంచి చేలల్లోకి బోదెలు. రేకుముక్కలతో లాకులు పెట్టాం. చెంబుతో పైనుంచి నీళ్ళు పోస్తే, అచ్చం మన కాలవల్లాగే ఊరూరికీ పారేవి. ఆనకట్ట దగ్గర రెండు పర్మాంగనేటు పలుకులు వేసేవారు మాస్టారు. నీళ్ళు అక్కడ గులాబీ రంగు తిరిగి, మెల్లగా కాలవల్లోకి, పిల్లకాలవల్లోకి, చివరికి ప్రతి చేలోకీ దిగేవి. బాంబు నుంచి గాలిలో కలిసిన ధూళి, నీటి మీద పడితే ఎంత దూరం వస్తుందో చెప్పడానికి ఇది.

ఆదివారాలు బస్సెక్కి ఊళ్ళు తిరిగాం. బడి వరండాలో పళ్ళెం పెట్టేవాళ్ళం. నేను నీళ్ళు పోసేదాన్ని, లెక్చరర్ లాకులు చూసేవాడు, మాస్టారు మాట్లాడేవారు. అణువు, కేంద్రకం అని మొదలెడితే జనం లేచిపోయేవాళ్ళు. కాలవ అనేసరికి ముందుకు జరిగేవాళ్ళు. డెల్టాలో పుట్టినవాడికి నీళ్ళు ఎటు పారతాయో ఎవరూ చెప్పక్కర్లేదు గదా.

ఒక ఊళ్ళో ఒక ముసలి రైతు పళ్ళెం మీదికి వంగి, "మా చేనెక్కడండీ?" అని అడిగాడు. మాస్టారు చూపించారు. ఆయన గబుక్కున చెయ్యి పెట్టి లాకు రేకు దింపేశాడు. గులాబీ నీళ్ళు రేకు పక్కనుంచి ఊరి, ఆయన చేలోకే దిగాయి.

"లాకు మూస్తే కాలవ ఆగుద్ది, వాన ఆగదు కదండీ" అన్నారు మాస్టారు.

"మరయితే మన బాంబో?" అని వెనకనుంచి ఒక కుర్ర రైతు. "మనది పడేది వాళ్ళ మీదే గదండీ. ఆ రంగు వాళ్ళ పళ్ళెంలో కలిసిద్ది."

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. "వాళ్ళ పళ్ళెం మీద వీచిన గాలి మన పళ్ళెం మీదికి రాదని ఎవరైనా చెబితే, నేను ఇంటికెళ్ళి పడుకుంటానండి" అన్నారు. ఆ ముసలాయన మాత్రం నవ్వకుండా తన చేను వైపే చూస్తూ కూర్చున్నాడు. మేం బస్సెక్కేదాకా వెంట వచ్చి, "మా ఊరి పక్కూళ్ళో కూడా చూపించండి మాస్టారూ" అన్నాడు. నా ఉద్యోగంలో అంత తృప్తి కలిగిన సాయంత్రాలు తక్కువ. దేవుడా, ఈ పనికి నన్ను పెట్టావు, చాలు అనుకున్నాను.

ఈ తిరుగుళ్ళతోపాటు మాస్టారు ఒక ప్రకటన కూడా రాశారు. రెండు దేశాలూ ఇకమీదట పరీక్షలు మానాలి, బాంబుల్ని క్షిపణులకి తగిలించి ఉంచకూడదు, పొరపాటున కూడా ఒకరినొకరు అపార్థం చేసుకోకుండా మాట్లాడుకోవాలి అని. కింద గోదావరి జిల్లాల ఫిజిక్స్ అధ్యాపకులు సంతకాలు పెట్టాలి. రాజమండ్రిలో ఒక హాల్లో దాన్ని చదివి, పత్రికలకిచ్చి, ఢిల్లీకి పంపాలి. మొదటి సంతకం మాస్టారిది. "రెండోది నాదే" అని లెక్చరర్ కాగితం లాక్కుని పెట్టాడు. కాకినాడ నుంచి, రాజమండ్రి నుంచి, భీమవరం వైపు నుంచి ఒక్కొక్కరే పెడుతూ వచ్చారు. కరస్పాండెంట్ గారికి తెలిసింది. కాలేజీ పేరు అందులో రాయొద్దన్నారు. "పేరు రాయకపోతే నేనెవర్నండి, దారిన పోయేవాణ్ణి" అన్నారు మాస్టారు. కరస్పాండెంట్ గారు అప్పటికి ఊరుకున్నారు.

అప్పుడు వచ్చింది సముద్రం వైపు ఊళ్ళో ఆదివారం.

అక్కడంతా రొయ్యల చెరువులు. ఊరి పెద్దరైతు గారు మమ్మల్ని ఎంత ఆదరించారని. పీట వేసి, విస్తరి వేసి, కొసరి కొసరి వడ్డించారు. పళ్ళెం చూపించడం అయ్యాక, మాస్టారు అలవాటు ప్రకారం పంచె ఎగ్గట్టి, పళ్ళెంలో నీళ్ళూ బురదా పెరట్లో గొయ్యి తీసి పొయ్యబోయారు. ఆయన ఎప్పుడూ అలాగే చేసేవారు, చిన్న పిల్లలు ముట్టుకుంటారని. పెద్దరైతు గారు గాభరా పడిపోయారు.

"మీరు ఎత్తడమేంటండి మాస్టారూ, మా పరువేం కాను" అని పళ్ళెం అంచు ఆయన చేతుల్లోంచి తీసుకుని, పాలేర్లని కేకేశారు. వాళ్ళు దాన్ని మోసుకెళ్ళి కాలవ రేవులో బోర్లించి, గడ్డి పెట్టి తోమి, అద్దంలా తెచ్చి బస్సు మీదికి ఎక్కించారు. రేవులో గులాబీ రంగు ఒక్క క్షణం విచ్చుకుని పోయింది. బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు చూశారు.

అతిథి చేత పళ్ళెం కడిగించకూడదన్న మర్యాద. అంతే జరిగింది.

ఆ వారంలో ఆ కాలవ కింద చెరువుల్లో రొయ్యలు చచ్చి తేలాయి. ఆ రోజుల్లో కోస్తా అంతా రొయ్యలకి తెల్లమచ్చ తెగులు ఉంది. అంతకుముందూ చచ్చాయి, తర్వాతా చచ్చాయి. మేం వెళ్ళని ఊళ్ళలోనూ చచ్చాయి. కానీ ఆ ఊళ్ళో మాత్రం, కాలేజీ మాస్టారు అణుమందు తెచ్చి కాలవలో కలిపాడన్న మాట పుట్టింది. రెండు రోజుల్లో బస్టాండుకొచ్చింది. మూడోనాటికి మా ఇంటి పాలావిడ కూడా "అమ్మగారూ, మీరు ముట్టుకున్నారా దాన్ని?" అని నన్ను దూరంగా నిలబడి అడిగింది.

కరస్పాండెంట్ గారికి కూడా ఆ వైపు చెరువులున్నాయి. ఆయన విచారణ పెట్టారు. ఎక్కడో కాదు, మా ల్యాబులోనే, పట్టపగలు. ఆయన, ప్రిన్సిపాల్ గారు, ఆ పెద్దరైతు గారు, కొందరు చెరువుల వాళ్ళు బెంచీల మీద కూర్చున్నారు. మాస్టారు నిలబడే ఉన్నారు, ఆయన వెనక లెక్చరర్. ఆయన తప్పు లేదని తేలకపోతే మాస్టారు కాలేజీలో ఉండరని, ఆ ప్రకటన మీద సంతకాలు పెట్టినవాళ్ళు ఒక్కరూ మిగలరని అక్కడున్న అందరికీ తెలుసు.

"నేనేం అనట్లేదండి మాస్టారూ" అన్నారు కరస్పాండెంట్ గారు. "ఊళ్ళో అంటున్నారు. పాపం, వాళ్ళ భయం వాళ్ళది."

"అది పర్మాంగనేటండి. మీ చెరువుల్లో మీరు బకెట్లతో చల్లేదే."

"మేం చల్లేది కొట్లో కొన్నదండి" అన్నాడొక చెరువుల ఆయన. "మీది ల్యాబుది."

అందరూ తలూపారు. నేను ఉండబట్టలేక ముందుకొచ్చాను. "పళ్ళెం కాలవలో కడిగింది వీరి పాలేర్లండి. మాస్టారు గొయ్యి తీస్తానంటే వీరే వద్దన్నారు. నేను పక్కనే ఉన్నాను."

పెద్దరైతు గారు నన్ను చూడకుండా, "ఎవరు కడిగారో నేను చూళ్ళేదు తల్లీ" అన్నారు. అంత ప్రేమగా నాకు గారెలు వడ్డించిన మనిషి.

కరస్పాండెంట్ గారు మెత్తగా అన్నారు. "అమ్మా, మీ నాన్నగారి మొహం చూసి నిన్నిక్కడ వేశాను. గుర్తుందా?"

"రోజూ సాయంత్రం తలుచుకుంటానండి. మీ పేరు తలుచుకునే నోటితో మీకే అబద్ధం చెప్పలేను."

ఆయన మొహం ఒక్కసారి బిగుసుకుని, మళ్ళీ సర్దుకుంది. "నీకు భక్తి ఎక్కువమ్మా. ఫిజిక్స్ తెలీదు" అన్నారు. అక్కడ ఫిజిక్స్ తెలిసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరు నిందితులు.

అప్పుడు మాస్టారన్నారు. "రేడియేషన్ ఉందో లేదో చెప్పే మిషన్ మన అల్మరాలోనే ఉందండి. నేను ముట్టుకోను. మన లెక్చరర్ గారే చూసి చెబుతారు."

నేను తాళం తీసి, మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టాను. పర్మాంగనేటు సీసా పక్కన పెట్టాను. మనసులో స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

ఫిజిక్స్ చదవనివాళ్ళ కోసం ఇక్కడొక్క ముక్క చెప్పాలి. ఆ మిషన్ ఆన్ చేస్తే, ఎదురుగా ఏమీ లేకపోయినా అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటూనే ఉంటుంది. ఆకాశం నుంచీ, నేలలోంచీ, గోడల్లోంచీ సృష్టి మొదలైనప్పటినుంచీ వచ్చేదే అది. మనిషికి దానివల్ల ఏమీ కాదు. మూడో ఏడాది పిల్లలకి మొట్టమొదట నేర్పేదే అది. ముందు ఊరికే వచ్చే టిక్కులు, అంటే బ్యాక్‌గ్రౌండ్, లెక్కపెట్టు, తర్వాత సీసా పెట్టి లెక్కపెట్టు, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యి. ఆ పాఠం ఏటా చెప్పేది లెక్చరరే. నవ్విస్తూ చెప్పేవాడు. "మిషన్ కొట్టుకోవడం ఆగిపోతే భయపడండిరా, అది పాడైపోయినట్టు" అనేవాడు.

అతను స్విచ్చి వేశాడు. టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది.

చెరువుల వాళ్ళు బెంచీల మీంచి లేచారు. "ఏంటది?" అన్నారు కరస్పాండెంట్ గారు.

లెక్చరర్ మిషన్ వైపే చూస్తూ అన్నాడు. "రేడియేషనేనండి."

నిజమే చెప్పాడు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. మిగతా సగం కోసం నేను అతని నోటి వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఆ సీసా బయట పెట్టి చూడండి" అన్నారు మాస్టారు. నేనే పట్టుకెళ్ళి వరండా చివర పెట్టి వచ్చాను. మిషన్ టిక్కుమంటూనే ఉంది.

"గదంతా పట్టేసిందండి బాబూ" అని ఒకాయన గుమ్మం దాటేశాడు.

"బాబూ, బ్యాక్‌గ్రౌండ్ అంటే ఏంటో వీళ్ళకి చెప్పు. ఒక్క మాట" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు. పరీక్షలో జవాబు మరిచిపోయిన పిల్లవాడికి అందించినట్టుంది.

లెక్చరర్ ఒకసారి కరస్పాండెంట్ గారిని చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "కచ్చితంగా చెప్పాలంటే మిషన్‌ని సరిచూడాలి మాస్టారూ. సరిచూడకుండా ఏదీ తేల్చి చెప్పకూడదని మీరే నేర్పారు" అన్నాడు.

నేనే అన్నాను, "ఇది ఎప్పుడూ ఇలాగే కొట్టుకుంటుందండి, ఏటా పిల్లలకి చూపిస్తాం" అని.

"ఏటా ఉందన్నమాట" అన్నారు కరస్పాండెంట్ గారు. కొందరు నవ్వారు. విచారణ అయిపోయింది.

ఆ మిషన్‌ని ముట్టుకోవడానికి అటెండర్లు ఒప్పుకోలేదు. నేనే ఎత్తి అల్మరాలో పెట్టి తాళం వేశాను. అది మళ్ళీ బయటికి రాలేదు. మూడో ఏడాది ప్రాక్టికల్స్‌లోంచి ఆ ప్రయోగం తీసేశారు.

మాస్టార్ని మొగల్తూరు దగ్గర అదే యాజమాన్యం నడిపే జూనియర్ కాలేజీకి పంపారు. చార్జి అప్పగిస్తున్న రోజు, లెక్చరర్ నా దగ్గరికి వచ్చాడు.

"అక్కగారూ, ఆ ప్రకటనలో నా పేరు కొట్టెయ్యమని మాస్టారితో చెప్పరా."

"నువ్వే చెప్పు నాయనా, పక్క గదిలోనే ఉన్నారు."

"ఆయన మొహం చూడలేనండి."

"నా మొహం చూడగలుగుతున్నావుగా."

అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంట్లో చంటిపిల్ల ఉందనీ, పర్మినెంటు ఫైలు కదిలిందనీ చెప్పాడు. అవీ నిజాలే. అతను అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. మాస్టారు నా మాట విని, స్కేలు పెట్టి ఆ పేరు మీద తిన్నగా గీత గీశారు. విచారణ కబురు పాకాక కాకినాడ నుంచీ, భీమవరం నుంచీ ఒక్కొక్క ఫోనే వచ్చింది. ఆరోగ్యం బాగోలేదని ఒకరు, అమ్మాయి పెళ్ళి కుదురుతోందని ఒకరు. కాగితం నిండా తిన్నటి గీతలు పడ్డాయి.

అయినా రాజమండ్రి హాలు ముందే చెప్పేశారు కాబట్టి మాస్టారు వచ్చారు. నేనూ వెళ్ళాను. ఎప్పుడో రిటైరైన ఒకరిద్దరు పెద్దలు, హాలు వాచ్‌మన్, ఒక పత్రికాయన. కుర్చీలు మాత్రం వరసగా బాగా వేశారు. మొదలవబోయేముందు నేను మాస్టార్ని అడిగాను.

"నేను పెట్టొచ్చాండీ సంతకం?"

"మీరు పెడితే మీ మంచితనం తెలుస్తుందమ్మా. వాళ్ళు పెట్టి ఉంటే ప్రమాదమెంతో తెలిసేది. దీనికి కావాల్సింది అది" అన్నారు. నన్ను చిన్నబుచ్చడానికి అనలేదని నాకు తెలుసు. అయినా బస్సులో తిరిగొస్తూ ఏడ్చాను.

ఆయన ప్రకటన మొదటినుంచి చివరిదాకా చదివారు. పత్రికాయన వచ్చి మర్యాదగా అడిగాడు. "గోదావరి జిల్లాల భౌతికశాస్త్ర అధ్యాపకులు అని ఉందండి. ఎంతమందండీ?"

"ఒకణ్ణి."

"అయితే ఇది ప్రకటన కింద రాదండి. పాఠకుల ఉత్తరాల్లో వేయించమంటారా?"

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పిల్లలూ, నేను కృతజ్ఞత లేనిదాన్ని కాను. కరస్పాండెంట్ గారిని ఇప్పటికీ సాయంత్రం తలుచుకుంటాను. ఆయన తనకి తెలియని సంగతిని తనకి అనుకూలంగా నమ్మారు, లోకంలో అందరూ చేసేదే అది. పెద్దరైతు గారినీ తలుచుకుంటాను, ఆయన అన్నం తిన్నాను. నా ఉద్యోగం పోనివ్వని దేవుణ్ణీ తలుచుకుంటాను. లెక్చరర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా నోరు ఆగిపోతుంది. అతను నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. తర్వాత నా పెన్షన్ కాగితాలకి తనే తిరిగి సాయం చేశాడు. అయినా ఆగిపోతుంది. అణుబాంబు ప్రమాదం తగ్గించే దేశాధినేతలు, ఒప్పందాలు మనకి దూరం. మన వంతుకి వచ్చింది ఒక గదిలో ఒక వాక్యం. అది తెలిసినవాడు దాన్ని మింగేశాడు. ఢిల్లీలో పెద్దపెద్దవాళ్ళు మింగినా ఇలాగే ఉంటుందేమో, చప్పుడు లేకుండా, మర్యాదగా.

మాస్టారు ఆ ఊళ్ళోనే రిటైరై, ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ, రెండువేల ఒకటిలో పోయారు. ఆ తర్వాతి శీతాకాలంలోనే, మన సైన్యమూ వాళ్ళ సైన్యమూ సరిహద్దులో ఎదురెదురుగా మోహరించాయి. ఈసారి బాంబులు వేసుకుంటారని టీవీల్లో రోజూ చెప్పేవారు. అప్పటికి లెక్చరర్ పర్మినెంటై, హెడ్ గారై, మాస్టారి కుర్చీలో కూర్చున్నాడు.

ఒక రోజు అతను ల్యాబులోనే క్లాసు తీసుకుంటున్నాడు. నేను వెనక బెంచీ మీద తీగలు చుడుతున్నాను. కేంద్రకం పాఠం. మధ్యలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, నిజంగా ఒకటి పడితే మనకి ఇక్కడ ఏమవుతుందండీ?"

పిల్లలందరూ కలాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్ళకి ఆ ప్రశ్నకి జవాబు నిజంగా కావాలి. అతను చాక్‌పీసుతో బోర్డు వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాడు. అతనికి జవాబు తెలుసు. ఊరూరా లాకులు దింపుతూ, ఎత్తుతూ నేర్చుకున్న జవాబు. వెనక బెంచీలో నేనున్నానని కూడా అతనికి తెలుసు. ఒక్కసారి నా వైపు చూశాడు.

"అది పరీక్షకి రాదమ్మా" అన్నాడు. "కూర్చో."

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పెన్నులకి మూతలు పెట్టుకున్న చప్పుడు విన్నాను.